పండుకున్న కాలేజీ, ఎగిరే కాలేజీ

ఎండాకాలం వచ్చిందంటే మా ఇంటి గేటు చప్పుడవుతూనే ఉంటుంది. వికారాబాద్‌లో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఏడాదంతా పిల్లలతో పని, ఆ రెండు నెలలు మాత్రం వాళ్ల తల్లిదండ్రులతో. మొన్న నవాబుపేట నుంచి ఒకాయన కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు. కుర్చీలో సర్దుకోకముందే ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. దేశంలోని పేరున్న యూనివర్సిటీల్లో ఎక్కడి విద్యార్థులు ఎంత సంతోషంగా ఉన్నారో వరుసగా పేర్చి, ఒక్కోదానికి ఇన్ని చుక్కలని పెట్టిన జాబితా అది.

"మేడం, చదువు అన్నిట్ల మంచిగనే ఉంటదంట గద. పిల్లలు యాడ ఖుషీగ ఉంటరో గది జర చెప్పుండ్రి. మా పిల్ల పరేషాన్ కావొద్దు" అన్నాడు.

కూతురు నేలచూపులు చూస్తోంది. ఆ అమ్మాయిని ఎవరూ ఏమీ అడగలేదు, నేనూ అడగలేదు. "మీరే పోయి చూసి రండి. కానీ ఆదివారం పోవద్దు, పండుగనాడు అసలే పోవద్దు. మామూలు మంగళవారం చూసుకుని పోండి" అన్నాను. ఇదేం సలహా అన్నట్టు ఆయన నా మొహం చూశాడు. నక్షత్రాలో చుక్కలో చూసి చెబుతుందనుకుంటే వారాలు చెబుతోందేమిటని అనుకుని ఉంటాడు. చాయ్ తాగి, దండం పెట్టి వెళ్లిపోయాడు. ఆ సలహా వెనకాల ఉన్న సంగతి ఆయనకు చెప్పడానికి గంట పట్టేది, అందుకని చెప్పలేదు.

మాది తాండూరు దగ్గర పల్లె. తాతల కాలం నుంచీ గొర్లు కాసుకునే ఇల్లు. మూడెకరాల చెలకలో కందులు వేసేవాళ్లం, కానీ నాయినకు మనసంతా మంద మీదే. నేను వికారాబాద్‌లో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివాను. మంచి ర్యాంకు వచ్చింది. రెండు చోట్ల సీటు దొరికే వీలుంది. ఒకటి ఉత్తరాన, పేరు చెబితే ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా "అబ్బో" అనేది. ఇంకోటి పడమర దిక్కున, అంత పేరు లేకపోయినా దాదాపు అంతే గొప్పది. మా లెక్చరర్లంతా మొదటిదే తీసుకోమన్నారు. ఇంట్లో నాయిన ఒప్పుకోలేదు.

"మందను సూడకుంట గొర్రెను కలుపుతమా? నేను సూసినంకనే పంపిస్త" అన్నాడు.

మా ఇళ్లలో అది పద్ధతి. కొత్త గొర్రెను కొనేటప్పుడైనా, మన గొర్రెను ఇంకొకరి మందలో కొన్నాళ్లు వదిలేటప్పుడైనా, ముందు ఆ మందను చూస్తారు. పొద్దెక్కగానే లేస్తున్నాయా, చెవులు వేలాడేసుకున్నాయా, నీళ్ల దగ్గరికి కలిసి వస్తున్నాయా, ఒక్కొక్కటీ ఒక్కో దిక్కుకు పోతున్నాయా, ఇవన్నీ కాసేపు కూర్చుని చూస్తారు. యూనివర్సిటీని కూడా అట్లాగే చూడాలని నాయిన తీర్మానించాడు. హిందీ వచ్చిన మనిషి కావాలి కాబట్టి మామ మా వెంట వచ్చాడు. మామ అంటే అమ్మ తమ్ముడు, తాండూరులో నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో పని చేసేవాడు. అమ్మ గొర్ల దగ్గర ఉండిపోయింది. ఆ ఏడాది అడ్మిషన్లు ఆలస్యమయ్యాయి కాబట్టి అప్పటికే పాత విద్యార్థులకు క్లాసులు నడుస్తున్నాయి.

మొదటి యూనివర్సిటీకి మేం చేరింది ఆదివారం పొద్దున. ఆ సంగతి మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. గొర్లకు ఆదివారం లేదు, నాయినకూ లేదు. మామకు సెలవంటే యూనిట్‌లో కరెంటు పోయిన రోజు. నాకైనా తట్టాలి కదా అంటే, మా వికారాబాద్ హాస్టల్లో ఆదివారమైనా తెల్లారకముందే బకెట్ పట్టుకుని నల్లా దగ్గర నిలబడకపోతే స్నానం ఉండేది కాదు. జనం పది గంటల దాకా నిద్రపోతారన్నది మాకు తెలియని విషయం.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను నాయిన భుజం మీది గొంగడిని ఎగాదిగా చూశాడు. మామ ఏదో చెప్పి లోపలికి తీసుకుపోయాడు. పొడుగాటి రోడ్లు, రెండు పక్కలా చెట్లు, అక్కడక్కడా నెమళ్లు. మనిషి మాత్రం లేడు. హాస్టల్ వరండాలో వరుసగా మూసిన తలుపులు, వాటి ముందు చెప్పులు. చాలాసేపటికి ఒక అబ్బాయి నోట్లో బ్రష్‌తో బయటికి వచ్చి, మమ్మల్ని చూసి, ఏమనుకున్నాడో మళ్లీ లోపలికి పోయాడు. మెస్సులో ఐదారుగురు ఉన్నారు, ఒక్కొక్కరు ఒక్కో బల్ల దగ్గర, పళ్లెం పక్కన ఫోన్ ఆనించుకుని తింటున్నారు. నాయిన బయట గోడ నీడన గొంతుకూర్చుని చాలాసేపు చూశాడు.

"పొద్దు నెత్తికెక్కుతుంటె ఒక్కలు లేవలే. లేసినోళ్లు గూడ ఎవరి దిక్కు వాళ్లే. గీ మందకు ఏదో రోగం తగిలింది బిడ్డా" అన్నాడు.

"చదువుకునేటోళ్లు గద బావా, రాత్రంత మేలుకుంటరేమో" అన్నాడు మామ.

"రాత్రి మేసి పగలు పండుకుంటె ఏం జీవాలవి?" అని నాయిన లేచి గొంగడి దులుపుకున్నాడు.

నేను అద్దాల తలుపులోంచి లైబ్రరీని చూస్తూ నిలబడ్డాను. అన్ని పుస్తకాలు ఒక్కచోట అంతకుముందు చూడలేదు. లోపలికి వెళ్లాలని చాలా అనిపించింది. కానీ నాయిన మాట విన్నాక ఆ మూసిన తలుపులు చూస్తే నాకూ బెరుకుగానే ఉంది.

కొన్నాళ్లకు రెండోదానికి వెళ్లాం. మేం దిగిన రోజు కృష్ణాష్టమి. గేటు దగ్గరికే డప్పుల మోత వినిపించింది. రెండు హాస్టళ్ల బాల్కనీల మధ్య తాడు కట్టి ఉట్టి వేలాడదీశారు. కింద వందలమంది. మగపిల్లలు ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కుతున్నారు, జారి పడుతున్నారు, మళ్లీ ఎక్కుతున్నారు. ఆడపిల్లలు కూడా ఒక గుంపుగా ఎక్కి ఉట్టిని అందుకోబోయారు. పైనుంచి బకెట్లతో నీళ్లు గుమ్మరిస్తున్నారు. ఒక బకెట్ నీళ్లు నేరుగా నాయిన మీద పడ్డాయి. తడిసిన గొంగడితో నాయిన నవ్విన నవ్వు నేను అంతకుముందు ఇంట్లో ఎప్పుడూ చూడలేదు. కింది వరసలో కాళ్లు వణుకుతున్న పిల్లలకు తెలుగులో సలహాలు చెప్పాడు. వాళ్లు కూడా ఏదో అర్థమైనట్టే తలూపారు. ఉట్టి పగిలాక అటుకులు, పెరుగు కలిపి అందరికీ పెట్టారు. నాయిన వాళ్ల మధ్యలో కూర్చుని తిన్నాడు.

"గిది మంద అంటే!" అన్నాడు రైలెక్కుతూ. అక్కడితో తీర్పు అయిపోయింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒకటి పండుకున్న కాలేజీ, ఇంకోటి గంతులేసే, అంటే మా మాటలో ఎగిరే కాలేజీ. అసలు పేర్లు ఎవరూ పలకలేదు.

పంపేముందు నాయిన ఇంకో మాట కూడా అన్నాడు. "దసరా దాక సూద్దాం. మందల కలిస్తె ఉండు. కలువకపోతె నేనొచ్చి తోలుకొస్త. అండ్ల సిగ్గువడేదేం లేదు బిడ్డా." తోలుకొస్తే ఏమవుతుందో నాకు తెలుసు. తాండూరులో డిగ్రీలో చేరతాను, బస్సులో పోయి వస్తాను, సాయంత్రం గొర్లకు ఆకు కోస్తాను. అదేం చావు బతుకుల సంగతి కాదు. కానీ నాకు ఫిజిక్స్ కావాలి, అదీ అక్కడ చెప్పే ఫిజిక్స్. దసరాకు నెలన్నర కూడా లేదు.

చేరిన మొదటి ఆదివారం నేను అలవాటు కొద్దీ చీకటితో లేచి, స్నానం చేసి, మెస్సుకు పోయాను. తాళం వేసి ఉంది. తిరిగి వస్తే వరండా పొడుగునా మూసిన తలుపులు, వాటి ముందు చెప్పులు. పదింటికి ఒక అమ్మాయి నోట్లో బ్రష్‌తో బయటికి వచ్చింది. అప్పుడు తెలిసింది నాకు. నాయిన చూసింది రోగం కాదు, ఆదివారం. ఇక్కడ చూసింది ఆరోగ్యం కాదు, పండుగ. నవ్వు ఆగలేదు. నవ్వి నవ్వి, ఈ సంగతి ఎవరికైనా చెబుదామని చూస్తే చెప్పుకునే మనిషి లేదు. అక్కడ నవ్వు ఆగిపోయింది.

నాకు హాస్టల్ కొత్త కాదు. వికారాబాద్‌లో ఒక హాల్లో నలభై ట్రంకు పెట్టెలు, నలభైమందిమి. జ్వరం వస్తే పక్కదానికి నాకంటే ముందే తెలిసేది. ఒక్క నిమిషం ఒంటరిగా ఉండనివ్వరే అని విసుక్కునేదాన్ని. ఇక్కడ నాకొక గది ఇచ్చారు, దానికో తాళంచెవి ఇచ్చారు. పుట్టి బుద్ధెరిగాక సొంత తాళంచెవి అదే మొదటిది. దాన్ని చూసుకుని మురిసిపోయాను కూడా. వారం తిరిగేసరికి అదే గదిలో, పొద్దున్నుంచి ఒక్క మాటా మాట్లాడలేదని గుర్తొచ్చి, గొంతు ఉందో లేదో చూసుకోవడానికి గట్టిగా దగ్గేదాన్ని.

కొత్తవాళ్లు కలిస్తే మొదటి ప్రశ్న ర్యాంకు. రెండోది ఏ కోచింగ్. మూడోది ఏ ఊరు. తాండూరు అంటే ఎవరికీ తెలియదు, హైదరాబాద్ దగ్గర అంటే చాలు, ఊరుకునేవాళ్లు. నేను ఇంగ్లీషులో జవాబు కూర్చుకునేలోపు వాళ్ల మాటలు ఇంకో చోటికి పోయేవి. చెడ్డవాళ్లు ఒక్కరూ లేరు. చెడ్డవాళ్లుంటే కోపమైనా వచ్చేది. ఒకసారి యూనివర్సిటీ వాళ్లు అందరికీ ఒక సర్వే పంపారు, మీరు ఇక్కడ ఎంత సంతోషంగా ఉన్నారో ఒకటి నుంచి ఐదు వరకు నొక్కమని. నేను మూడు నొక్కాను. తక్కువ నొక్కితే ఎవరైనా పిలిచి అడుగుతారని భయం.

ఇంతలో తాండూరులో మా కాలేజీల పోటీ నడుస్తోంది. ఇంటర్‌లో నాతో చదివిన కొడంగల్ అమ్మాయి ఆ పండుకున్న కాలేజీలోనే చేరింది. వాళ్ల నాన్నకు చాలా భూమి ఉంది, తాండూరులో కందుల వ్యాపారం ఉంది. నాయిన మార్కెట్‌కు పోయినప్పుడల్లా ఆయన కూతురు పంపిన ఫొటోలు చూపించేవాడట. "మా బిడ్డ కాలేజిల నెమళ్లు తిరుగుతయ్" అని ఆయన, "మా దాంట్ల ఉట్టి కొడ్తరు" అని నాయిన. ఆమె నాకు నెమళ్లు, పచ్చిక, లైబ్రరీ మెట్లు పంపేది. నేను ఆమెకు వాన, కొండలు, మబ్బులు దిగిన హాస్టల్ పంపేదాన్ని. "మీ కాలేజిల మస్తు ఎగురుతరంట గదే" అని రాసేది. "మస్తు" అని రాసేదాన్ని. ఆమె ఫొటోలు చూస్తే కుళ్లుకునేదాన్ని. నిజం చెప్పాలంటే లైబ్రరీ మెట్లు చూస్తే మరీ.

ఆదివారం ఆదివారం నాయిన ఫోన్ చేసేవాడు. తిన్నావా, చదివావా అని కాదు. "కలిసినవా?" అని అడిగేవాడు. "కలుస్తున్న" అనేదాన్ని. ఒకసారి ఆ మాట నోట్లోంచి రాలేదు. ఏడుపు వచ్చింది. నాయిన ఫోన్ అమ్మకు ఇచ్చాడు. వెనకాల గొర్ల అరుపులు వినిపించాయి, అవి విని ఇంకా ఏడ్చాను.

వారంలోపల అమ్మ గేటు దగ్గర దిగింది. ఒక చేతిలో మూట, ఇంకో చేతిలో ఇనుప పెనం. మామ తోడు వచ్చి, దింపి, తిరుగు రైలుకే వెళ్లిపోయాడు.

మా ఇంట్లో ఇంకో పద్ధతి ఉంది. సంతలో కొన్న గొర్రె కొత్త మందలో కలవక, మేత ముట్టక, పక్కన నిలబడి అరుస్తూ ఉంటే, దాని పాత మందలోదాన్నే ఇంకోదాన్ని తెచ్చి కొన్నాళ్లు పక్కన కడతారు. దాన్ని జోడు పెట్టడం అంటారు. నాయిన నాకు అమ్మను జోడు పెట్టాడు. ఉండాలో రావాలో అక్కడ చూసి అమ్మే చెప్పాలన్నాడట.

తల్లిదండ్రులకు గెస్ట్‌హౌస్‌లో గది ఇస్తారు. అమ్మ అందులో దిగింది. పొద్దున్నే లేచి క్లాసు దగ్గరికి నా వెంట వచ్చేది. నేను లోపల, ఆమె బయట మెట్ల మీద, చెలక గట్టున కూర్చున్నట్టే మోకాళ్లు మడిచి కూర్చునేది. క్లాసు అయ్యాక గుంపులోంచి నన్ను వెతుక్కునేది. నాకు మొదట సిగ్గేసింది, తర్వాత కోపం వచ్చింది. "నువ్వు రూంల ఉండరాదే అమ్మా" అంటే, "రూంల ఉండుడుకా నేనొచ్చింది?" అనేది.

కానీ అమ్మ తినడం లేదని నేను కాస్త ఆలస్యంగా చూశాను. మెస్సులో పళ్లెం పెట్టుకుని, రెండు ముద్దలు కెలికి, "కడుపు నిండింది" అనేది. మొహం పీక్కుపోయింది. అమ్మ తల్లిగారిది సరిహద్దుకు అవతల, కన్నడం కూడా మాట్లాడుతుంది. ఆమెకు వచ్చిన రెండు భాషలూ అక్కడ ఎందుకూ పనికిరాలేదు. చేతులకు పని లేదు. పొద్దు వాలేసరికి లేచి నిలబడి పడమర చూసి, "గీపాటికి మంద ఇంటికొస్తది" అనేది. అట్లా అని మళ్లీ కూర్చునేది. నాకు భయమేసింది. ఎంత జ్వరమొచ్చినా రొట్టె తిని చెలకకు పోయే మనిషి. తోడుగా వచ్చిన ఆమెకే ఇక్కడ కలవడం లేదు. నా ఏడుపు నేను మర్చిపోయాను, ఈమెకు ఏదైనా తినిపించాలి.

మూటలో జొన్నపిండి ఉంది, కందిపొడి ఉంది, మిరపకాయ తొక్కు ఉంది. పెనం ఉంది. పొయ్యి లేదు. ఆదివారం పొద్దున అమ్మను హాస్టల్‌కు తీసుకువచ్చి, పక్క గది తలుపు కొట్టాను. ఆ గదిలో ఉండే అమ్మాయికి మా బ్యాచ్‌లో అందరికంటే పెద్ద ర్యాంకు. ఎప్పుడూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఎవరినీ పట్టించుకోని నడక. సంతోషంగా ఉన్నవాళ్లంటే ఇట్లా ఉంటారని నా లెక్క. నిద్రమొహంతో తలుపు తీసింది. "ఇక్కడ పొయ్యి ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగాను. నేను ఆమెతో మాట్లాడిన మొదటి మాట అదే. ఆమె అమ్మ చేతిలోని పెనాన్ని చూసి, చెప్పులేసుకుని, పై అంతస్తులో ఉన్న చిన్న వంటగదికి మమ్మల్ని తీసుకుపోయింది. అక్కడ ఒక కరెంటు పొయ్యి ఉంది. ఎవరూ వాడినట్టు లేదు.

అమ్మ కొంగు దోపుకుంది. పిండి కలుపుతున్న చేతులు చూస్తే ప్రాణం లేచి వచ్చినట్టుంది. పెనం వేడెక్కింది, రొట్టె పడింది, తిరగేసింది. మంట లేదు కాబట్టి రొట్టె పొంగడం లేదు. అమ్మ ఊరుకుంటుందా, పెనం తీసి ఎర్రగా కాలుతున్న ఆ పొయ్యి చుట్ట మీదే రొట్టెను పడేసింది. పొగ లేచింది. నేను "అమ్మా" అనేలోపు అంతస్తంతా అదిరేలా అలారం మోగింది.

అప్పుడు తలుపులు తెరుచుకున్నాయి. ఒకటి కాదు, అన్నీ. పై నుంచి, కింది నుంచి, మెట్ల మీద నుంచి, నిద్ర బట్టల్లో, జుట్టు విరబోసుకుని, ఒకరు దుప్పటితో, ఒకరు ల్యాప్‌టాప్ గుండెలకు హత్తుకుని. నెల రోజులుగా నేను చెప్పులు మాత్రమే చూసినవాళ్లంతా ఒక్కసారిగా వరండాలో ఉన్నారు. అమ్మ పొగలోంచి తొంగి చూసి, అలారం కంటే గట్టిగా అంది: "అయ్యో, గింతమంది ఉన్నరా బిడ్డా గిండ్ల!"

వార్డెన్ వచ్చింది, సెక్యూరిటీ వచ్చారు. నిప్పు లేదని తేలాక తిట్లు మొదలయ్యాయి. అవి అర్థం కాకపోయినా అమ్మ తలొంచుకుని విన్నది. అంతా విని, మాడిన చోట గిల్లేసి, మిగిలిన రొట్టెను వార్డెన్‌కు ఇవ్వబోయింది. వార్డెన్ రొట్టె తీసుకోలేదు. పెనం తీసుకుపోయి ఆఫీసులో పెట్టి తాళం వేసుకుంది.

"నా పెనం!" అని అమ్మ కూలబడింది. ఇంటి నుంచి తెచ్చుకున్నవాటిలో అదొక్కటే ఆమెకు దిక్కు. వార్డెన్‌తో వాదించేంత ఇంగ్లీషు నాకు లేదు. పక్క గది అమ్మాయే "పదండి, రాసిద్దాం" అంది. వరండాలో నేల మీద కూర్చుని ఆమె ఇంగ్లీషులో క్షమాపణ రాస్తుంటే చుట్టూ అరడజనుమంది చేరి తలా ఒక వాక్యం చెప్పారు. "అతిథి" అని రాయమని ఒకరు, "పెద్దావిడ" అని రాయమని ఇంకొకరు. అంత జరుగుతున్నా అమ్మ మాడిన రొట్టెలనే ముక్కలు చేసి, కందిపొడి అద్ది, చేతుల్లో పెడుతూనే ఉంది. ఒకమ్మాయి తొక్కు నాకి, కళ్లనీళ్లు తుడుచుకుని, మళ్లీ చెయ్యి చాపింది. అందరం కలిసి పోతే, సాయంత్రానికి వార్డెన్ పెనం ఇచ్చేసింది. ఇంకోసారి అలా చేస్తే ఊరుకోనంది.

తిరిగి వస్తూ పక్క గది అమ్మాయి అంది, శుక్రవారం సాయంత్రం నుంచి ఇవాళ నేను తలుపు కొట్టేదాకా తను ఎవరితోనూ మాట్లాడలేదని. నేను ఆగిపోయాను. ఆమెకు పండుకున్న కాలేజీ, ఎగిరే కాలేజీ కథ చెప్పాను, నాకు వచ్చిన హిందీలోనే. అమ్మాయి గోడ పట్టుకుని నవ్వింది. "మా నాన్న ర్యాంకుల జాబితా చూసి పంపాడు. మీ నాన్న కనీసం వచ్చి చూశాడు" అంది.

ఆ సాయంత్రమే కొడంగల్ అమ్మాయికి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆమె విని, "నెమళ్లు నిజంగనే ఉన్నయే. నేను గూడ కిటికీల నుంచే చూస్త" అంది. అప్పుడు మేం మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పుకున్నాం. వాళ్ల దగ్గర ప్రతి శనివారం పరీక్ష, అందుకే ఆదివారం చచ్చినట్టు నిద్ర. కానీ గేటు పక్క చాయ్ బండి దగ్గర సీనియర్లు జూనియర్లను కూర్చోబెట్టుకుని లెక్కలు చెబుతారట. మా దగ్గర అట్లాంటిది లేదు. మా దగ్గర ప్రొఫెసర్లు తలుపులు తీసి ఉంచుతారు, వాళ్ల దగ్గర అపాయింట్‌మెంట్ కావాలి. వాళ్ల లైబ్రరీ గొప్పది, మా వాన గొప్పది. ఏది మేలో తేలలేదు. ఫోన్ పెట్టేశాక మాత్రం నాకు తేలికగా ఉంది, ఆమెకూ ఉండి ఉంటుంది.

తర్వాతి రోజుల్లో నేను వరండాలో నడుస్తుంటే తలుపుల్లోంచి పిలిచేవాళ్లు, అలారం అమ్మ ఎలా ఉందని. ల్యాబ్‌లో జోడీ దొరికింది. ప్రాబ్లమ్‌లు చేయడానికి పక్క గదిలో నలుగురం కూర్చునేవాళ్లం. అక్కడ చెప్పే ఫిజిక్స్ నాకు మెల్లగా అందడం మొదలైంది. ఒకరోజు అట్లా కూర్చుని, మధ్యాహ్నం గెస్ట్‌హౌస్‌కు వస్తానన్న సంగతి మర్చిపోయాను. పొద్దు వాలాక పరుగెత్తుకుంటూ పోతే, అమ్మ మంచం మీద కూర్చుని ఉంది. మెస్సు నుంచి తెచ్చిన అన్నం పళ్లెం మీద ఇంకో పళ్లెం బోర్లించి పెట్టింది. తను తినలేదు. "అస్తవని కూసున్న" అంది, అంతే. ఆ అన్నం ఇద్దరం తిన్నాం. అమ్మ చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

దసరా దగ్గర పడింది. మామ వచ్చాడు అమ్మను తీసుకుపోవడానికి. స్టేషన్‌కు నేనూ పోయాను. రైలు వచ్చి ఆగింది, అమ్మ కిటికీ దగ్గర కూర్చుంది. అప్పుడే నాయిన ఫోన్. మామ స్పీకర్ పెట్టాడు.

"కలిసిందా?" అన్నాడు నాయిన.

అమ్మ నా వైపు చూసింది. నేను ఉండాలని గట్టిగా కోరుకున్నదాన్ని. పక్క గది, ల్యాబ్, అన్నీ దొరికినదాన్ని. అయినా ఆ క్షణంలో, లేదు, కలవలేదు అని అమ్మ అబద్ధం చెబితే బాగుండనిపించింది. చెప్పి ఉంటే ఉన్న బట్టలతోనే ఆ రైలు ఎక్కేసేదాన్ని.

"కలిసింది" అంది అమ్మ. "నాకే కలువలే. నేనొస్తున్న."

నేను కిటికీ చువ్వలు పట్టుకున్నాను. "అమ్మా, ఇంకో రెండొద్దులు ఉండరాదే" అన్నాను.

"గొర్లకు నట్టల మందు తాపాలె బిడ్డా. మీ నాయినకు ఒక్కనికి కాదు" అంది. చువ్వల మధ్య నుంచి నా తల నిమిరి, రైలు కదులుతుంటే చెయ్యి లోపలికి తీసుకుంది.

దసరాకు నన్ను తోలుకుపోవడానికి ఎవరూ రాలేదు.